మొహమాటానికి రోజుకెంత అద్దె?

శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు. హైదరాబాద్‌లో ఇంటికి తాళం వేసి ఇరవై ఆరు గంటలైంది. కాళ్ళు వాచి బూట్లు బిగుసుకుపోయాయి. మా ఆవిడ ట్రాలీ మీద తల ఆనించి నిలబడే కునుకు తీస్తోంది. కౌంటర్ అవతలి అమ్మాయి నవ్వుతూ ఏదో అడిగింది. సగమే అర్థమైంది. మళ్ళీ చెప్పమంటే ఏమనుకుంటుందోనని "ఓకే" అన్నాను. ఇంకేదో అడిగింది. "ఓకే." మూడోసారి తెర నావైపు తిప్పి, వేలితో సంతకం చేయమంది. అదీ ఓకే. నాలుగు నిమిషాల్లో అద్దె కారు తాళం చేతికొచ్చింది. పని ఎంత తేలిగ్గా అయిపోయిందో అని మురిసిపోయాను కూడా.

వారం తర్వాత బిల్లు చూస్తే, బుక్ చేసుకున్న మొత్తానికి దాదాపు రెట్టింపు ఉంది. నన్నెవరూ మోసం చేయలేదు. నేనన్న మూడు ఓకేలకు బిల్లులో మూడు పద్దులు. ఒకటి రోజువారీ బీమా. రెండోది ముందే డబ్బు కట్టేసిన పెట్రోలు ట్యాంకు. మూడోది నాకు అక్కర్లేని పెద్ద బండి. అన్నిటి కిందా నా సంతకమే.

రైతుబజార్లో కిలో వంకాయలకు పది రూపాయల దగ్గర పట్టుబట్టే మనిషిని నేను. అక్కడ నోరెందుకు పెగల్లేదు? ఇంగ్లిషు రాక కాదు, ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఇంగ్లిషులోనే ఉత్తరాలు రాశాను. నా నోరు కట్టేసింది మొహమాటం.

మొహమాటాన్ని మనం మర్యాద అనుకుంటాం. మర్యాద ఎదుటివాడి సుఖం కోసం చేసేది. మొహమాటం మన గురించి ఎదుటివాడు ఏమనుకుంటాడోనన్న భయంతో చేసేది. మర్యాదకు ఖర్చు లేదు. మొహమాటానికి రోజుకింత అని అద్దె ఉంటుంది. ఆ అద్దె ఎంతో అచ్చు వేసి చేతిలో పెట్టే చోటు పరాయి దేశపు కారు కౌంటర్.

ఇంకోటి కూడా గమనించాను. తీసుకునేటప్పుడు మొహమాటపడే మనిషే తిరిగిచ్చేటప్పుడు హడావుడి పడతాడు. తాళం పుచ్చుకునే పది నిమిషాలూ, తాళం అప్పగించే పది నిమిషాలూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలు, మధ్యలో ప్రయాణమంతా హాయి. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పనే చేశాను. రెండు ప్రయాణాలూ కలిపి నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

ఒక ప్రశ్నతో తెరిచిన దుకాణం

అమెరికాలో కార్లు అద్దెకిచ్చే వ్యాపారం పాతదే. 1918లో షికాగోలో వాల్టర్ జేకబ్స్ అనే యువకుడు డజను ఫోర్డ్ మోడల్ టీ కార్లతో పెట్టిన దుకాణమే తర్వాత చేతులు మారి హెర్ట్జ్ కంపెనీ అయింది. అయితే అలాంటి దుకాణాలు ఎక్కువగా ఊరి మధ్యలో ఉండేవి. విమానం దిగినవాడు ఊళ్ళోకి చేరడానికి నానా తిప్పలూ పడేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో పనిచేసిన వారెన్ ఏవిస్‌కు అదే ఇబ్బంది ఎదురైంది. కారు ఎయిర్‌పోర్టులోనే ఎందుకు ఉండకూడదని ఆలోచించాడు. 1946లో డెట్రాయిట్ దగ్గరి విల్లో రన్ ఎయిర్‌పోర్టులో తన దుకాణం తెరిచాడు.

ఇబ్బంది అందరూ పడ్డారు, ఏవిస్ దాన్ని ప్రశ్నగా మార్చుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో చాలా ఎయిర్‌పోర్టుల్లో కనిపించే ఆ కౌంటర్ల వరుస ఒక ప్రశ్నకు దొరికిన జవాబు. అలాంటి చోట నిలబడి ప్రశ్న అడగడానికి సిగ్గుపడటమేమిటి?

ఇల్లు కదలకముందే

నిద్రలేని బుర్ర నిర్ణయాలు తీసుకోలేదు, తలూపడమొక్కటే చేయగలదు. అందుకే నిర్ణయాలన్నీ ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ తీసుకోవాలి.

మొదటిది లైసెన్సు. మన ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఫీజు 1000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. ఇది విడిగా లైసెన్సు కాదు, మన లైసెన్సుకు అనువాదం లాంటిది. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాల్సిందే. జపాన్‌లో ఈ పర్మిట్ లేనిదే బండి నడపనివ్వరు, చైనాలో ఇది ఉన్నా చెల్లదు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి, కంపెనీకో షరతు. "మా తోడల్లుడు వెళ్ళినప్పుడు ఎవరూ అడగలేదట" అన్న మాట మీద ఆధారపడొద్దు. బుకింగ్ కాగితంలో షరతులు చదివి తేల్చుకోండి. వెయ్యి రూపాయలకు వెనకాడితే కౌంటర్ దగ్గర నిలబడి బతిమాలుకోవాల్సి రావచ్చు.

రెండోది కార్డు. కారు ఎవరి పేరున తీసుకుంటున్నారో ఆ పేరుతోనే క్రెడిట్ కార్డు ఉండాలి. "మా అబ్బాయి కార్డు ఉందండీ" అంటే చాలాచోట్ల కుదరదు. డెబిట్ కార్డుకు అదనపు షరతులు పెడతారు, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. అద్దె కాక మరికొంత మొత్తాన్ని డిపాజిట్‌గా కార్డులో పట్టి ఉంచుతారు. ఆ డబ్బు పోదు, కానీ కారు తిరిగిచ్చిన కొన్ని రోజుల దాకా మన చేతికీ రాదు. కార్డు పరిమితి బొటాబొటిగా ఉంటే హోటల్ దగ్గర పరువు పోతుంది.

మూడోది వయసు. అమెరికాలో ఇరవై అయిదేళ్ళు నిండనివారికి రోజుకింత అని అదనపు రుసుం వేసే కంపెనీలే ఎక్కువ. ఎమ్మెస్ చదవడానికి వెళ్ళిన పిల్లలు నలుగురు కలిసి కారు తీసుకునేటప్పుడు, ఎవరి పేరున తీసుకుంటున్నారో ముందు చూసుకోవాలి.

నాలుగోది పేర్లు. ఒప్పందంలో పేరు లేనివాళ్ళు స్టీరింగ్ పట్టకూడదు. ఇక్కడే మన మొహమాటం మళ్ళీ తలెత్తుతుంది. "బావా, కాసేపు నేను నడుపుతా, నువ్వు రెస్ట్ తీసుకో" అంటాడు బావమరిది. ప్రేమగా అంటున్నాడు, కాదంటే చిన్నబుచ్చుకుంటాడు. కానీ ఆ కాసేపట్లో ఏ చిన్న ప్రమాదం జరిగినా మీరు డబ్బు కట్టి తీసుకున్న రక్షణ మొత్తం చెల్లకుండా పోవచ్చు. బావమరిది మీద అంత ప్రేమ ఉంటే ముందే కౌంటర్‌లో అతని పేరు కూడా రాయించండి. లేదా "వద్దు బావా" అని నవ్వుతూ చెప్పండి.

ఇంకో మాట. దిగిన వెంటనే స్టీరింగ్ పట్టడం నా మొదటి తప్పు. అక్కడికి దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో ఉండే మా అబ్బాయికి ఆ వారం సెలవు దొరకలేదు. వాడికి భారం కాకూడదని విమానం దిగుతూనే కారు తీసుకున్నాను. మన అర్ధరాత్రి వాళ్ళకు పట్టపగలు. ఒళ్ళు హైదరాబాద్ గడియారంతో నడుస్తుంటే, కళ్ళు కాలిఫోర్నియా రోడ్డు చూడాలి. రెండోసారి వాడింట్లో రెండు రాత్రులు కడుపునిండా నిద్రపోయి, ఆ తర్వాతే వెళ్ళి కారు తెచ్చుకున్నాను.

కౌంటర్ దగ్గర నాలుగు ప్రశ్నలు

ఈ నాలుగింటినీ చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. చీటీ చూసి అడగడంలో నామోషీ ఏమీ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రాసుకుని వెళ్ళమూ?

1. పన్నులతో సహా, నేను సంతకం పెడుతున్న మొత్తం ఎంత?

రోజు అద్దె చెప్పి ఊరుకుంటారు. ఎయిర్‌పోర్టులో తీసుకుంటే స్థానిక పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు మీద పడతాయి. మొత్తం అంకె చూడండి. బుకింగ్ కాగితంలోని అంకెతో పోల్చండి. తేడా ఉంటే ఒక్కొక్క పద్దూ అడగండి. "ఇంకొంచెం పెద్ద బండి ఇస్తాం" అన్నప్పుడు అది ఉచితమా, రోజుకింత అదనమా అన్నది తప్పక అడగాలి. ఆ మాటకే నేను మొదటిసారి పడిపోయాను.

2. బండికి దెబ్బ తగిలితే నా జేబులోంచి ఎంత పోతుంది? ఎదుటివాళ్ళకు దెబ్బ తగిలితే?

ఇవి రెండు వేర్వేరు సంగతులు. సీడీడబ్ల్యూ అనో ఎల్‌డీడబ్ల్యూ అనో చెప్పేది అద్దె కారుకే సంబంధించింది. దెబ్బ తగిలినా, కారు పోయినా కంపెనీ మన దగ్గర వసూలు చేయదన్న హామీ అది. మనవల్ల ఎదుటి మనిషికో, ఎదుటి బండికో జరిగే నష్టానికి లయబిలిటీ కవర్ విడిగా ఉంటుంది. అమెరికాలో ఆసుపత్రి ఖర్చులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. సొంత కారు పాలసీ లేని సందర్శకుడికి ఈ రెండోదే పెద్ద దన్ను. యూరప్‌లో మొదటిది చాలావరకు అద్దెలోనే కలిసి ఉంటుంది, కానీ కొంత మొత్తం దాకా నష్టం మనదే. ఆ మొత్తాన్ని తగ్గించే కవరు కౌంటర్ దగ్గర అమ్ముతారు.

అన్నిటికీ "ఓకే" ఎంత గుడ్డిదో, అన్నిటికీ "వద్దు" కూడా అంతే గుడ్డిది. బుకింగులో ఏది కలిసి ఉంది, మీ కార్డు ఏది భరిస్తుంది అన్నది ఇంట్లోనే తేల్చుకుని రండి. లేనిది కొనండి. ఉన్నదాన్ని రెండోసారి కొనకండి.

3. పెట్రోలు ఎలా?

నిండు ట్యాంకుతో తీసుకుని నిండు ట్యాంకుతో ఇచ్చే పద్ధతి మనకు మంచిది. ముందే ట్యాంకు డబ్బు కట్టేస్తే, మిగిలిన పెట్రోలుకు సాధారణంగా డబ్బు వెనక్కి రాదు. మొదటిసారి నేను ముప్పాతిక ట్యాంకు కంపెనీకి కానుకగా ఇచ్చి వచ్చాను.

4. టోల్ ఎలా కట్టాలి?

శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుంచి డబ్బు తీసుకునే మనిషి లేడు. ఊళ్ళోకి వచ్చే వైపు దాటితే కెమెరా నంబరు ప్లేటును ఫొటో తీస్తుంది. బిల్లు కారు యజమానికి, అంటే అద్దె కంపెనీకి పోతుంది. కంపెనీ దాని మీద తన సర్వీసు రుసుం వేసి మన కార్డులోంచి తీసుకుంటుంది. మొదటి ప్రయాణంలో వంతెన మీద ఫొటోలు దిగి మురిసిపోయాం. ఇంటికొచ్చిన నెలకు వంతెన కూడా మమ్మల్ని ఫొటో తీసిందని తెలిసింది. రెండోసారి ప్లేటు నంబరు ఇచ్చి ఆన్‌లైన్లో నేనే కట్టేశాను. దుబాయ్‌లో 2007 నుంచి సాలిక్ గేట్లదీ ఇదే తీరు, బండి ఆగదు, లెక్క ఆగదు. ఇటలీలో ఫ్లోరెన్స్, రోమ్ లాంటి పాత నగరాల నడిబొడ్డున అనుమతి లేని కార్లు రాకూడని వీధులుంటాయి. అక్కడా కాపలా కెమెరాలదే. తెలియక దూరితే జరిమానా నెలల తర్వాత మన ఊరికి వెతుక్కుంటూ వస్తుంది.

ఈ నాలుగూ అడుగుతుంటే వెనక క్యూలో ఎవరో గొంతు సవరించుకుంటారు. మన చెవులు వేడెక్కుతాయి. మొహమాటం గెలిచేది సరిగ్గా ఆ క్షణంలోనే. అప్పుడు పనికొచ్చే వాక్యం ఒకటుంది: "ఒక్క నిమిషం, చదువుకుని సంతకం పెడతాను." దీన్ని ఇంగ్లిషులో ముందే నాలుగుసార్లు బయటికి పలికి అలవాటు చేసుకోండి. కౌంటర్‌లో ఉన్నవాళ్ళ మీద కోపమూ అక్కర్లేదు. అదనపు పద్దులు అమ్మడం వాళ్ళ ఉద్యోగం, వద్దనడం మన హక్కు. నవ్వుతూ అమ్మేవాళ్ళకు నవ్వుతూనే "నో, థాంక్యూ" చెప్పొచ్చు. రెండోసారి నేను చెప్పాను. ఆ కుర్రాడు ఏమీ అనుకోలేదు, తలెత్తి కూడా చూడకుండా తర్వాతి పేజీకి వెళ్ళిపోయాడు. నేను ఇన్నేళ్ళు భయపడింది దీనికా అనిపించింది.

బండి చుట్టూ ఒక ప్రదక్షిణ

కొత్త బండి కొంటే ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అద్దె కారుకు నిమ్మకాయ అక్కర్లేదు. ప్రదక్షిణ మాత్రం తప్పనిసరి.

ఫోనులో వీడియో ఆన్ చేసి ముందు నుంచి మొదలుపెట్టండి. బానెట్, అద్దం మీద రాయి తగిలిన చుక్కలు, తలుపులు, బంపర్ల మూలలు, పైకప్పు. చక్రాల రిమ్ముల దగ్గర వంగి చూడండి, గీతలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. లోపల సీట్ల మరకలు. చివర్లో స్టార్ట్ చేసి, ఎన్ని మైళ్ళు తిరిగిందో, పెట్రోలు ఎంత ఉందో ఆ మీటరు. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి.

రెండోసారి వెనక కుడి చక్రం రిమ్ము మీద బెత్తెడు గీత కనిపించింది. అక్కడ తిరుగుతున్న కుర్రాణ్ణి పిలిచి చూపించాను. "దాన్నెవరూ పట్టించుకోరు, వెళ్ళండి" అన్నాడు. మొదటి ప్రయాణంలోని నేనైతే వెళ్ళిపోయేవాణ్ణే. "అయితే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి" అన్నాను. నవ్వి, ఒప్పందం కాగితం మీద కారు బొమ్మ దగ్గర చిన్న సున్నా చుట్టి సంతకం పెట్టాడు. రెండు నిమిషాల పని. వారం తర్వాత కారు తిరిగిచ్చినప్పుడు తనిఖీ చేసే ఆయన సరిగ్గా ఆ చక్రం దగ్గరే ఆగి వంగాడు. నేను కాగితం చూపించాను. తలూపి పక్క చక్రానికి వెళ్ళిపోయాడు. వాదన లేదు, వివరణ లేదు.

ఇప్పుడు సీట్లో కూర్చోండి, కానీ కదలొద్దు. పెట్రోలు మీటరు దగ్గర బుల్లి పంపు బొమ్మ ఉంటుంది, దాని పక్కన చిన్న బాణం. పెట్రోలు మూత కారుకు ఏ పక్క ఉందో ఆ బాణం చెబుతుంది. దీని వెనకా ఒక మనిషి ఉన్నాడు. ఫోర్డ్ కంపెనీలో పనిచేసే జిమ్ మోయిలాన్ 1986లో ఒక వానరోజు బంకుకెళ్ళి, కారును తప్పు పక్కన ఆపి, తడిసిపోయాడు. ఆఫీసుకొచ్చి, మీటరు మీద గుర్తు పెడితే బాగుంటుందని పైవాళ్ళకు ఓ చీటీ రాశాడు. కొన్నేళ్ళకే అది ఫోర్డ్ కార్లలోకి వచ్చింది, ఆ తర్వాత లోకమంతా పాకింది. తనకు కలిగిన ఇబ్బందిని తిట్టుకుని వదిలేయకుండా కాగితం మీద పెట్టిన మనిషి పుణ్యాన, ముక్కూమొహం తెలియని కారులో కూర్చున్నా మనం తడబడకుండా ఉన్నాం.

ఇండికేటర్ ఎక్కడుందో వెతుక్కోండి. మన కార్లలో ఎక్కువగా స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది, అమెరికా కార్లలో ఎడమవైపు. మొదటి రోజు నేను మలుపు తిరిగిన ప్రతిసారీ మండుటెండలో వైపర్లు ఆడాయి. పార్కింగులోనే అయిదు నిమిషాలు అటూ ఇటూ నడిపి చేతులకు అలవాటు చేస్తే ఈ తమాషా రోడ్డు మీద ఉండదు.

రోడ్డు మీద నాలుగు మాటలు

రోడ్డు గురించి చెప్పుకుంటూ పోతే అది వేరే వ్యాసం, నాలుగు మాటలతో ఆపుతాను. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్‌లలో మనలాగే ఎడమవైపు నడుపుతారు. అమెరికా, యూరప్‌లో చాలా దేశాలు, గల్ఫ్ దేశాలు కుడివైపు. వేగ పరిమితి బోర్డు మీద అంకె అమెరికాలో మైళ్ళలో ఉంటుంది, 60 అంటే గంటకు దాదాపు 97 కిలోమీటర్లు. స్కూలు బస్సు ఎర్ర దీపాలు మెరుస్తూ ఆగితే వెనక వచ్చేవాళ్ళే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్ళూ ఆగాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది నాలుగు దారుల స్టాప్ గుర్తు. సిగ్నల్ దీపం ఉండదు, పోలీసు ఉండడు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన ప్రతి బండీ పూర్తిగా ఆగుతుంది. ముందు వచ్చి ఆగినవాడు ముందు కదులుతాడు. హారన్ లేదు, దూరిపోవడం లేదు. మొదటి రోజు నా వంతు వచ్చినా తెలియక నిలబడిపోతే మిగతా ముగ్గురూ నాకోసం ఆగారు. తన వంతు కానప్పుడు ఆగడం ఎంత ముఖ్యమో, తన వంతు వచ్చినప్పుడు మొహమాటం లేకుండా కదలడం కూడా అంతే ముఖ్యం.

తిరిగిచ్చే రోజు

అసలు పరీక్ష ఇక్కడుంది. ప్రయాణం అయిపోయింది, మనసు అప్పుడే ఇంటికి చేరిపోయింది, కారు మాత్రం ఇంకా చేతిలో ఉంది.

మొదటిసారి ఫోను మ్యాపులో "ఎయిర్‌పోర్టు" అని కొట్టాను. అది బుద్ధిగా టెర్మినల్ ముందుకు తీసుకెళ్ళి దింపింది. కారు అప్పగించే చోటు అది కాదు. చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాను. మూడో చుట్టులో అసలు దారి దొరికింది. తాళం ఎవరి చేతిలోనో పెట్టేసి, రసీదు కూడా అడక్కుండా పెట్టెలు ఈడ్చుకుంటూ పరుగు. చదువుకునే కళ్ళజోడు సీటు కింద ఉండిపోయింది. విమానంలో పదహారు గంటలు మెనూ కార్డు కూడా మా ఆవిడే చదివి వినిపించింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కార్ల కేంద్రం టెర్మినళ్ళకు దూరంగా విడిగా ఉంటుంది. చిరునామా 780 నార్త్ మెక్‌డోనెల్ రోడ్డు. అక్కడి నుంచి టెర్మినల్‌కు ఎయిర్‌ట్రైన్ నీలం లైను ఉచితంగా నడుస్తుంది. డాలస్‌లో బస్సు, అట్లాంటాలో స్కైట్రైన్. జెనీవా ఎయిర్‌పోర్టు సంగతి మరీ విచిత్రం. స్విస్ వైపు ఒకటి, ఫ్రెంచ్ వైపు ఒకటి, రెండు వైపులా కార్లు ఇస్తారు. ఎటు తీసుకున్నారో అటే ఇవ్వాలి. కాబట్టి కారు తీసుకున్న రోజే, బయటికి రాకముందే, తిరిగివ్వాల్సిన చోటును ఫోనులో గుర్తు పెట్టుకోండి.

రెండోసారి నేను గడియారాన్ని వెనక్కి తిప్పి లెక్క వేశాను. విమానం మధ్యాహ్నం ఒంటిగంటకు. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి పదింటికి టెర్మినల్లో ఉండాలి. కారు అప్పగించి రైలెక్కి రావడానికి ముప్పావుగంట, అంటే తొమ్మిదింబావు. పెట్రోలుకూ, కారు సర్దడానికీ అరగంట, ఎనిమిది ముప్పావు. దారికి గంట. 101 హైవే మీద పొద్దుటి రద్దీకి ఇంకో అరగంట. ఏడుంబావుకు ఇంట్లోంచి కదలాలి. మా ఆవిడ "పెళ్ళి ముహూర్తం కూడా ఇంత లెక్కగా పెట్టలేదు" అంది. ఆ రోజు కేంద్రానికి చేరేసరికి తొమ్మిదీ అయిదు. విమానం ఎక్కేముందు తీరిగ్గా కాఫీ తాగాం.

అద్దెకు రోజంటే ఇరవై నాలుగు గంటలు, తారీఖు కాదు. పదకొండింటికి తీసుకున్న కారు పదకొండింటికి ఇవ్వాలి. కొద్ది నిమిషాలు ఊరుకున్నా, ఆ తర్వాత గంట లెక్కో, రోజు లెక్కో మొదలవుతుంది.

చేరే ముందు ఆఖరి బంకులో ట్యాంకు నింపి రసీదు దాచండి. అమెరికా పంపులు కార్డు పెట్టగానే అయిదంకెల జిప్ కోడ్ అడుగుతాయి. మన కార్డుకు అది ఉండదు. కంగారు పడకుండా లోపలికెళ్ళి పంపు నంబరు చెప్పి ముందే డబ్బు కట్టండి. పైపు రంగును నమ్మొద్దు. అమెరికాలో ఆకుపచ్చ పైపు సాధారణంగా డీజిల్‌ది, బ్రిటన్‌లో ఆకుపచ్చది పెట్రోలుది. అక్షరాలు చదివి పట్టుకోండి.

చాలా కేంద్రాల వాకిట్లో నేల మీద ఇనుప కోరలు వరుసగా ఉంటాయి. ముందుకు వెళ్తే వంగిపోతాయి, వెనక్కి వస్తే నాలుగు టైర్లూ చీల్చేస్తాయి. దారి తప్పామనిపించినా అక్కడ రివర్స్ గేరు వేయొద్దు.

ఆగాక పది నిమిషాలు మీవి. సీట్ల కింద చెయ్యి పెట్టి చూడండి. డిక్కీ, తలుపుల అరలు, చార్జరు వైరు. కారు తెరలోంచి మీ ఫోను పేరు తీసేయండి. లేకపోతే మీ వాళ్ళందరి నంబర్లూ, మీరు తిరిగిన చిరునామాలూ తర్వాత ఎక్కేవాడికి కనిపించవచ్చు. మళ్ళీ ఒక ప్రదక్షిణ, మళ్ళీ వీడియో, మళ్ళీ మీటరు. రసీదు చేతికొచ్చాకే కదలండి. రాత్రివేళ ఎవరూ లేకపోతే తాళం పెట్టెలో వేసి వెళ్ళొచ్చు. కానీ పొద్దున్న వాళ్ళొచ్చి చూసేదాకా బాధ్యత మీదేనని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అప్పుడు ఆ వీడియోనే మీ సాక్షి.

ఒకవేళ తర్వాత బిల్లులో అర్థంకాని పద్దు కనిపిస్తే నాలుగు లైన్ల ఉత్తరం రాయండి. ఒప్పందం నంబరు, తేదీ, మీ ఫొటో, మీరు కోరేది. తిట్లు వద్దు, బతిమాలడం వద్దు. అప్పటికీ తేలకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో అభ్యంతరం నమోదు చేయండి. కాగితాలున్న మనిషి గొంతు పెంచాల్సిన పని ఉండదు.

పరాయి సొమ్ము, సొంత పరువు

అరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. అరువుకు తెచ్చుకున్న నగ ఎప్పుడు పోతుందోనన్న దిగులుతో పేరంటం సుఖమంతా పోతుందని ఆ మాటకు అర్థం. ఆ దిగులుకు మందు ఒక్కటే. తీసుకునేటప్పుడు నగను దీపం కింద పట్టి చూసుకోవడం, ఇచ్చేటప్పుడు మళ్ళీ అదే దీపం కింద పెట్టి అప్పగించడం.

ఆలోచిస్తే మన చేతిలో ఉన్నవాటిలో చాలా భాగం అద్దె సరుకే. అద్దె ఇంట్లో దిగేటప్పుడు గోడల పగుళ్ళు చూపించడానికి మొహమాటపడతాం, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు కోసం గొడవపడతాం. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు పని ఏమిటో పూర్తిగా అడగం, మానేసేటప్పుడు కాగితాలు ఎవరికీ అప్పగించకుండా వెళ్ళిపోతాం. పుస్తకం అడిగి తెచ్చుకుంటాం, అట్ట చిరిగాక ఇవ్వడానికి మొహం చెల్లక వాళ్ళింటికే వెళ్ళడం మానేస్తాం. అన్నిచోట్లా జబ్బు ఒకటే. మొదట్లో అడగాల్సింది అడగలేదు, చివర్లో అప్పగించాల్సినట్టు అప్పగించలేదు.

ఈ అలవాటు మార్చుకోవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళక్కర్లేదు. రేపు కిరాణా కొట్లో బిల్లు చేతికిచ్చినప్పుడు, వెనక ఎవరున్నా సరే, ఒక్క నిమిషం నిలబడి చదవండి. అర్థంకాని పద్దు ఉంటే అడగండి. లోకం తలకిందులు కాదు.

నా రెండో ప్రయాణం బిల్లు, బుక్ చేసుకున్న అంకెకు ఒక్క డాలరు కూడా మించలేదు. నాలుగు ప్రశ్నలు రాసుకున్న ఆ చీటీ ఇప్పటికీ నా పాస్‌పోర్టు కవరులోనే ఉంది. మీరూ ఒకటి రాసి పెట్టుకోండి.